హైదరాబాదు మైదానం నుంచి కరాచీ దాకా: ఆసిఫ్ ఇక్బాల్ క్రీడాజీవితం – ఒక చారిత్రక పరిశీలన

1

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో ఒక క్రికెట్ ఆటగాణ్ణి గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మన విమర్శకులు జానపద కళల్ని గురించి రాశారు, నాటకాన్ని గురించి రాశారు, సినిమాను గురించి అవసరమైనదానికంటే ఎక్కువే రాశారు. ఆట జోలికి మాత్రం పోలేదు. క్రికెట్ దొరల ఆట, తెల్లవాళ్ళు వదిలి వెళ్ళిన వ్యసనం, జనం దృష్టిని మళ్ళించే మత్తుమందు అని ఒక మాట అనేసి ఊరుకున్నాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ట్రినిడాడ్‌కు చెందిన మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లోనే 'బియాండ్ ఎ బౌండరీ' అనే గ్రంథం రాసి, వలస సమాజంలోని వర్ణ వివక్షను, వర్గ విభజనను, ఆత్మగౌరవ కాంక్షను క్రికెట్ మైదానంలోనే చదివి చూపించాడు. వెస్టిండీస్ జట్టుకు ఫ్రాంక్ వొరెల్ అనే నల్లజాతి ఆటగాడు నాయకుడు కావాలని పత్రికా ముఖంగా పోరాడినవాడు కూడా ఆయనే. అటువంటి పని మన దగ్గర జరగలేదు. జరగకపోవడం వల్ల ఆట చరిత్రను ఇతరులు రాశారు. వాళ్ళు దాన్ని రికార్డుల పుస్తకంగానో, దేశభక్తి పాఠంగానో మాత్రమే రాశారు.

ఈ వ్యాసానికి ప్రేరణ మా బడి మైదానం. గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లకు దగ్గరగా ఉన్న ఆ మైదానంలో ఒక సాయంకాలం తొమ్మిదో తరగతి పిల్లలు జట్లు పంచుకుంటున్నారు. ఒక జట్టులో ముగ్గురు నలుగురు ముస్లిం పిల్లలు పడ్డారు. "మీది పాకిస్తాన్ టీం, మాది ఇండియా టీం" అన్నాడొకడు. అన్నవాడి గొంతులో ద్వేషం లేదు. పెద్దవాళ్ళ దగ్గర విన్న మాటను పలికాడంతే. అవతలి జట్టులో ఒక కుర్రవాడున్నాడు. వాడి తాతా తండ్రీ ఇద్దరూ బొగ్గుబాయిలో పనిచేసినవాళ్ళు. "మేం గూడ ఇండియానే రా" అన్నాడు వాడు నెమ్మదిగా. ఆట మొదలైంది. మరునాడు తరగతిలో నేను ఒక కథ చెప్పాను. హైదరాబాదులో పుట్టి, హైదరాబాదు జట్టుకు ఆడి, తరువాత పాకిస్తాన్ జట్టుకు నాయకుడైన ఒకాయన కథ. అంతా విన్నాక ఆ కుర్రవాడే లేచి అడిగాడు: "మరి ఆయన ఎవలోడు సార్?"

తరగతిలో దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ ప్రయత్నిస్తాను.

నా ప్రతిపాదన ముందే చెబుతాను. ఒక ఆటగాణ్ణి తయారుచేసేవి మూడు: అతడు పెరిగిన మైదానం, అతనికి జీతమిచ్చే సంస్థ, అతనితో పాటు నిలబడే తోటి ఆటగాడు. రాజ్యం వేసే ముద్ర ఈ మూడింటి తరువాత వస్తుంది. ఆ ముద్రతో మొదలుపెట్టి మనిషిని చదివే చరిత్ర తలకిందుల చరిత్ర. ఆసిఫ్ ఇక్బాల్ జీవితం దీనికి మంచి ఉదాహరణ.

2

ఆసిఫ్ ఇక్బాల్ రజ్వీ 1943 జూన్ 6న హైదరాబాదులో జన్మించాడు. తెనాలిలో మన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిన సంవత్సరం అది. నిజాం రాజ్యంలో అప్పటికి క్రికెట్ వేళ్ళూనుకుని ఉంది. అయితే ఆ వేళ్ళు ఏ నేలలో దిగాయో గుర్తించాలి.

హైదరాబాదు క్రికెట్‌కు పేరు తెచ్చినది మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీ. 1930–31లో మొదలైన ఈ పోటీని స్థాపించిన నవాబు మొయినుద్దౌలా పాయిగా వంశీకుడు. పాయిగాలంటే నిజాం తరువాత అంతటి జాగీర్దార్లు. మొదటి ఏడాదే విజయనగరం మహారాజకుమారుడు ఇంగ్లండు నుంచి హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను తన జట్టులో దింపాడు. కొన్నేళ్ళకు వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టన్‌టైన్ కూడా వచ్చి ఆడాడు. బానిసల మనవడైన కాన్‌స్టన్‌టైన్ ఒక జాగీర్దారు బంగారు కప్పు కోసం సికింద్రాబాదులో బంతి వేయడం ఆ కాలపు వైచిత్రి. ఈ వైభవానికి ఖర్చు ఎవరిది? జాగీరు గ్రామాల్లో శిస్తు కట్టిన రైతుది, వెట్టి చేసినవాడిది. ఆ లెక్క ఏ స్కోరు పుస్తకంలోనూ ఉండదు.

అయితే దొరల సొమ్ముతో మొదలైనంత మాత్రాన ఆట దొరల దగ్గరే ఉండిపోలేదు. 1937–38లో హైదరాబాదు జట్టు నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలుచుకుంది. అజేయంగా 137 పరుగులు చేసి ఆ విజయం సాధించిపెట్టిన ఎడ్డీ ఐబారా నవాబు కాదు. బడుల్లో, కళాశాలల్లో, గల్లీల్లో ఆట మధ్యతరగతి పిల్లల చేతికి వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తరువాత మొయినుద్దౌలా కప్పులో స్టేట్ బ్యాంకు, అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీ వంటి సంస్థల జట్లు ప్రముఖమయ్యాయి. జాగీర్దారు దర్బారులో బహుమానం అందుకునే ఆటగాడి స్థానంలో నెలజీతం తీసుకునే ఆటగాడు వచ్చాడు. భూస్వామ్యం నుంచి ఉద్యోగ వ్యవస్థకు జరిగిన ఈ మార్పును ఆట చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు. మనం దాటేయరాదు. ఆసిఫ్ పుట్టి పెరిగింది సరిగ్గా ఈ సంధికాలంలో.

3

ఆసిఫ్ కంటే ముందు ఆయన కుటుంబంలోని మరొకరిని తలచుకోవాలి. ఆఫ్‌స్పిన్ బౌలర్ గులాం అహ్మద్ ఆసిఫ్‌కు పెద్దతరం దగ్గరి బంధువు. 1922లో హైదరాబాదులో పుట్టిన గులాం అహ్మద్ భారత జట్టుకు 22 టెస్టులు ఆడి 68 వికెట్లు తీశాడు.

ఆయన తొలి టెస్టు తేదీని గమనించండి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనిక చర్య జరిగింది. ఆ రోజుల్లో మరాఠ్వాడాలోనూ, తెలంగాణలో కొన్నిచోట్లా ముస్లిం కుటుంబాలు అనుభవించినది సుందర్‌లాల్ కమిటీ నివేదికలో నమోదై ఉంది. అదే డిసెంబరు 31న కలకత్తాలో వెస్టిండీస్‌తో మొదలైన టెస్టులో గులాం అహ్మద్ భారత జట్టులో అడుగుపెట్టాడు. నాలుగు నెలలు కూడా నిండలేదు. ఒక పక్క ఆయన నగరంలో వేలాది కుటుంబాలు తమ భవిష్యత్తు ఎక్కడో తేల్చుకోలేక సతమతమవుతుండగా, ఆయన భారతదేశం పక్షాన బంతి వేస్తున్నాడు.

1950–51 రంజీ పోటీల్లో హోల్కర్ జట్టు మీద ఆయన ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు, అంటే 555 బంతులు వేశాడు. ఈ అంకెను రికార్డుగా చూసేవాళ్ళు చూడవచ్చు. బొగ్గుబాయి ప్రాంతంలో బతికే నాకు అది శ్రమగా కనిపిస్తుంది. ఎండలో, ఒకే చోటు నుంచి, ఒకే కదలికతో 555 సార్లు చేసిన పని అది. షిఫ్టు ముగిసేదాకా చెయ్యి ఆపకుండా తట్టలు నింపిన మా పెద్దల పనికి దానికి పోలిక ఉంది.

1952 అక్టోబరులో భారత పాకిస్తాన్ల మధ్య మొట్టమొదటి టెస్టు ఢిల్లీలో జరిగింది. అందులో హేము అధికారితో కలిసి గులాం అహ్మద్ చివరి వికెట్టుకు 109 పరుగులు జోడించాడు. ఆయన స్వంత స్కోరు 50. చివరి వికెట్టుకు భారత రికార్డుగా అది 2004 దాకా నిలిచింది. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానంలో తొలి టెస్టు న్యూజీలాండ్‌తో జరిగినప్పుడు భారత జట్టుకు నాయకుడు ఆయనే. అప్పటికి ఆసిఫ్ పన్నెండేళ్ళ పిల్లవాడు.

4

1959–60లో, పదహారేళ్ళ వయసులో, ఆసిఫ్ హైదరాబాదు పక్షాన రంజీ ట్రోఫీలో ఆడాడు. మరుసటి ఏడాదీ ఆడాడు. 1961లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళాడు? ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తగా ఉండాలి. ఒక కుటుంబం ఊరు విడిచిపోవడానికి కారణాల్ని బయటినుంచి కల్పించడం తేలిక. మతం వల్ల వెళ్ళారని ఒకరంటారు, భయం వల్లనని మరొకరంటారు, అవకాశం కోసమని ఇంకొకరంటారు. నిజ జీవితంలో ఇవన్నీ కలిసి ఉంటాయి. పెళ్ళి సంబంధాలూ, ముందు వెళ్ళిన బంధువుల ఉత్తరాలూ, పోయిన ఉద్యోగాలూ కూడా ఉంటాయి. 1948 తరువాత హైదరాబాదు నుంచి కరాచీకి సాగిన వలస ఒక్క రోజులో జరగలేదు. అది ఏళ్ళ తరబడి సాగిన నిశ్శబ్ద ప్రవాహం. కరాచీలో 'హైదరాబాద్ కాలనీ' పేరుతో ఒక పేటే వెలిసింది. అక్కడి పచ్చళ్ళ రుచిలో మన దక్కనీ వంటింటి ఆనవాళ్ళు నేటికీ ఉన్నాయి.

రచయితలకు ఈ అనుభవం కొత్తది కాదు. హైదరాబాదు ఉర్దూ రచయిత ఇబ్రహీం జలీస్ పాకిస్తాన్ వెళ్ళాడు. ఆ రోజుల మీద ఆయన రాసిన పుస్తకం పేరే 'దో ముల్క్ ఏక్ కహానీ', రెండు దేశాలు, ఒకే కథ. అభ్యుదయ రచయితల ఉద్యమ నిర్మాత సజ్జాద్ జహీర్ పార్టీ పని మీద పాకిస్తాన్ వెళ్ళి, రావల్పిండి కుట్ర కేసులో జైలు అనుభవించి, 1955లో భారతదేశానికి తిరిగివచ్చాడు. ఆయన వచ్చిన మరుసటి ఏడాది జోష్ మలీహాబాదీ అటు వెళ్ళిపోయాడు. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాదులోనే ఉండిపోయాడు. వెళ్ళినవాడు ద్రోహి, ఉన్నవాడు దేశభక్తుడు అనే కొలమానంతో ఈ నలుగురినీ కొలవగలమా? రచయితల విషయంలో అలా కొలవకూడదని మనకు తెలుసు. వాళ్ళ రచన చూడమంటాం. ఆటగాడి విషయంలోనూ అంతే న్యాయంగా ఆయన ఆట చూడాలి.

5

ఆసిఫ్ ఆటలో ఏముంది?

1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియాతో ఆయన తొలి టెస్టు ఆడాడు. జట్టులోకి తీసుకున్నది బౌలర్‌గా. బౌలింగ్ ఆరంభించాడు, బ్యాటింగులో పదో స్థానంలో వచ్చాడు. పదో స్థానంలో వచ్చి 41, 36 పరుగులు చేశాడు. ఆ తరువాత వెన్నునొప్పి, బ్యాటింగు ప్రతిభ రెండూ కలిసి ఆయన్ను క్రమంగా బ్యాటింగు వరుసలో పైకి తెచ్చాయి. కింద నుంచి పైకి వచ్చినవాడు కావడంతో కింది వరుసవాళ్ళతో ఎలా ఆడాలో ఆయనకు తెలుసు. ఆయన ప్రత్యేకత ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1967లో లార్డ్స్ మైదానంలో హనీఫ్ మొహమ్మద్‌తో కలిసి ఎనిమిదో వికెట్టుకు 130 పరుగులు జోడించాడు. ఆ వేసవిలోనే ఓవల్ మైదానంలో పాకిస్తాన్ రెండో ఇన్నింగ్స్‌లో 65 పరుగులకు ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. ఇన్నింగ్స్ ఓటమి ఖాయమనుకున్నారు. తొమ్మిదో స్థానంలో వచ్చిన ఆసిఫ్, ఇంతిఖాబ్ ఆలంతో కలిసి 190 పరుగులు జోడించాడు. ఆసిఫ్ చేసినవి 146, ఇంతిఖాబ్ చేసినవి 51. తొమ్మిదో వికెట్టుకు ప్రపంచ రికార్డుగా అది మూడు దశాబ్దాలు నిలిచింది. ఆసిఫ్ నూరు పరుగులు పూర్తిచేయగానే ఇంగ్లండులో పొట్టపోసుకుంటున్న పాకిస్తానీ వలస జనం మైదానంలోకి పరుగెత్తి ఆయన్ను భుజాల మీదికెత్తుకున్నారు. పాకిస్తాన్ ఆ టెస్టు ఓడిపోయింది. ఆ మనుషులు మాత్రం ఆ రోజు ఓడిపోలేదు. మిల్లుల్లో, బస్సుల్లో, ఫౌండ్రీల్లో చులకన మాటలు పడుతూ పనిచేసే ప్రవాస కార్మికుడికి ఆ మధ్యాహ్నం ఏమిచ్చిందో ఊహించుకోవచ్చు.

1976 డిసెంబరులో అడిలైడ్‌లో మరొక ఘట్టం. చివరి ఆటగాడు ఇక్బాల్ ఖాసింతో కలిసి ఆసిఫ్ 87 పరుగులు జోడించాడు. అందులో ఖాసిం చేసినవి నాలుగే. ఆసిఫ్ 152 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఓవర్ చివరి బంతికి ఒక పరుగు తీసి, బలహీనుడైన సహచరుడు బౌలర్‌కు ఎదురుపడకుండా కాపాడుతూ గంటలు గడపడం ఈ భాగస్వామ్యంలోని పని. వికెట్ల మధ్య ఆయన పరుగు చురుకైనదని అందరూ మెచ్చుకున్నారు. కాని ఆ పరుగులో వేగం ఎంత ఉందో లెక్క అంత ఉంది. పక్కవాడు ఎంత పరుగెత్తగలడో, ఎంత భయపడుతున్నాడో తెలిస్తేనే అది సాధ్యం. మరుసటి నెల సిడ్నీలో ఆయన 120 పరుగులు చేయగా, ఇమ్రాన్ ఖాన్ పన్నెండు వికెట్లు తీయగా, ఆస్ట్రేలియా గడ్డమీద పాకిస్తాన్ మొదటి టెస్టు గెలిచింది.

ఢిల్లీలో గులాం అహ్మద్ చివరి వికెట్టు భాగస్వామ్యాన్నీ, ఓవల్‌లో ఆసిఫ్ తొమ్మిదో వికెట్టు భాగస్వామ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది పాకిస్తాన్ మీద ఆడినది, రెండోది పాకిస్తాన్ కోసం ఆడినది. రెండింటి వెనకా ఉన్నది ఒకే కుటుంబం, ఒకే నగరపు క్రికెట్. రక్తంలో ఏదో ఉందని నేను అనడం లేదు. అటువంటి మాటలు చరిత్ర కావు. అంతా అయిపోయిందనుకున్న చోట పనిని వదిలిపెట్టకపోవడం ఆ మైదానాలు నేర్పిన పద్ధతి అని మాత్రం అంటాను.

6

ఇప్పుడు జీతం సంగతికి వద్దాం. దేశం పేరుతో ఆడే టెస్టు మ్యాచ్‌లు ఏడాదిలో కొన్ని రోజులే. తక్కిన రోజులన్నీ దేశవాళీ ఆటలోనే గడుస్తాయి. ఆసిఫ్ మొత్తం మొదటి శ్రేణి మ్యాచ్‌లు 440. అందులో టెస్టులు 58 మాత్రమే. ఆయన చేసిన 23,375 పరుగుల్లో టెస్టు పరుగులు 3,575. అంటే ఆయన శ్రమలో ఎక్కువ భాగం జాతీయ జెండా లేని చోట జరిగింది. కరాచీ, పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్, నేషనల్ బ్యాంకు, ఇంగ్లండులో కెంట్ కౌంటీ. ఇవే ఆయన రోజువారీ జట్లు.

పాకిస్తాన్‌లో 1970 దశకంలో క్రికెట్ బోర్డు అధిపతిగా ఉన్న అబ్దుల్ హఫీజ్ కర్దార్ బ్యాంకులూ కార్పొరేషన్లూ ఆటగాళ్ళకు ఉద్యోగాలివ్వాలని పట్టుబట్టాడు. దీనివల్ల కిందితరగతి నుంచి వచ్చిన కుర్రవాడికి కూడా ఆట బతుకుదెరువు అయ్యే వీలు కలిగింది. ఈ సంస్థల జట్లను 2019లో రద్దు చేసినప్పుడు పేరు తెలియని ఎందరో దేశవాళీ ఆటగాళ్ళు ఉపాధి కోల్పోయారు. విమర్శలు చెలరేగాక 2023లో వాటిని పునరుద్ధరించారు. రద్దు చేసినది ఇమ్రాన్ ఖాన్ ప్రధానిగా ఉన్న కాలంలో. గొప్ప ఆటగాడు పాలకుడైనప్పటికీ సగటు ఆటగాడి పొయ్యి మీద కుండ సంగతి తెలియకపోవచ్చునని ఇది చెబుతుంది.

మా ప్రాంతపు పాఠకులకు ఇది వివరించనక్కర్లేదు. స్పోర్ట్స్ కోటాలో ఒక్క ఉద్యోగం దొరికితే ఒక కుటుంబం ఎలా నిలబడుతుందో బొగ్గుగనుల ఊళ్ళలో అందరికీ తెలుసు. మస్టర్ పడితేనే బతుకు గడిచే చోట ఆటకు రెండు గంటలు దొరకడమే గగనం.

కెంట్ కౌంటీలో ఆసిఫ్ 1968 నుంచి 1982 దాకా ఆడాడు. 1913 తరువాత మొదటిసారి 1970లో కెంట్ చాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1977లో ఆయన నాయకత్వంలో కెంట్ మిడిల్‌సెక్స్‌తో కలిసి చాంపియన్‌షిప్ పంచుకుంది. అదే ఏడాది ఆస్ట్రేలియా టెలివిజన్ వ్యాపారి కెర్రీ పాకర్ ఆటగాళ్ళకు మంచి వేతనాలిచ్చి వేరే పోటీలు పెట్టాడు. ఆసిఫ్ అందులో చేరాడు. కెంట్ ఆయన్ను నాయకత్వం నుంచి తప్పించింది. పాకిస్తాన్ బోర్డు కూడా పాకర్ దగ్గర చేరినవాళ్ళను కొంతకాలం దూరంగా ఉంచింది. ఆటగాళ్ళ మీద నిషేధం చెల్లదని, అది జీవనోపాధికి అడ్డుపడటమని లండన్ హైకోర్టు 1977 నవంబరులో తీర్పు చెప్పింది.

పాకర్ ప్రజల మనిషి కాదు. ప్రసార హక్కుల కోసం వచ్చిన పెట్టుబడిదారుడు. ఆసిఫ్ కార్మిక నాయకుడూ కాదు. అయినా ఆ తగాదా ఒక వాస్తవాన్ని బయటపెట్టింది. వేలమంది ప్రేక్షకుల టికెట్ల డబ్బు బోర్డులకు చేరుతుంటే, ఆడేవాడికి దక్కేది గౌరవమూ కొద్దిపాటి భత్యమూ. దేశం కోసం ఆడుతున్నావు, జీతం అడుగుతావా అనే మాట మనం మరెన్నో పనిచోట్ల విన్నదే.

7

1961 ఫిబ్రవరిలో ఢిల్లీ టెస్టుతో భారత పాకిస్తాన్ల మధ్య టెస్టులు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనది 1978 అక్టోబరులో, ఫైసలాబాదులో. నడుమ పదిహేడేళ్ళు, 1965, 1971 యుద్ధాలు. ఆసిఫ్ హైదరాబాదు వదిలిన సంవత్సరమే ఆ తలుపు మూసుకుంది. ఆయన నడివయసులో పడ్డాక తెరుచుకుంది.

ఈ పదిహేడేళ్ళలో ఏం పోయిందో చెప్పడానికి ఒక్క పేరు చాలు: సయ్యద్ ఆబిద్ అలీ. 1941లో హైదరాబాదులో పుట్టాడు. ఆసిఫ్ తరంవాడు. ఇద్దరూ మీడియం పేస్ బౌలింగు చేసేవాళ్ళు, ఇద్దరూ బ్యాటు పట్టగలవాళ్ళు, వికెట్ల మధ్య గాలిలా పరుగెత్తేవాళ్ళు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తన తొలి టెస్టులో ఆబిద్ అలీ 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 1971లో ఓవల్‌లో ఇంగ్లండు మీద భారత్ చారిత్రక విజయం సాధించినప్పుడు గెలుపు పరుగులు ఆయన బ్యాటు నుంచే వచ్చాయి. ఆయన 29 టెస్టులూ ఆ పదిహేడేళ్ళ లోపలే ముగిశాయి. పాకిస్తాన్‌తో ఒక్కటీ లేదు. ఒకే నగరపు మైదానాల్లో పెరిగిన ఇద్దరు ఒక జట్టులో ఉండలేకపోయారు, ఎదురెదురు జట్లలో కూడా ఉండలేకపోయారు. ఆబిద్ అలీ 2025లో అమెరికాలో కన్నుమూశాడు. పాకిస్తాన్ వెళ్ళనివాడు కూడా చివరికి ఎక్కడో దూరదేశంలోనే కన్నుమూశాడు. వలస అంటే విభజన మాత్రమే కాదని ఇందువల్ల తెలుస్తుంది.

1968లో 'విజ్డెన్' వార్షిక సంచిక ఎన్నుకున్న ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఆసిఫ్ ఇక్బాల్, పటౌడీ నవాబు ఇద్దరూ ఉన్నారు. పటౌడీ భోపాల్‌లో పుట్టాడు, భారత జట్టుకు నాయకుడయ్యాడు, రంజీలో హైదరాబాదు జట్టులో జయసింహ నాయకత్వం కింద ఆడాడు. హైదరాబాదులో పుట్టినవాడు కరాచీకి, భోపాల్‌లో పుట్టినవాడు హైదరాబాదుకు! పుట్టుకను బట్టి ఎవరు ఎవరివాడో తేల్చడం ఎంత అర్థంలేని పనో ఈ ఒక్క జాబితా చెబుతుంది. 1971 డిసెంబరులో యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే ఆస్ట్రేలియాలో 'ప్రపంచ జట్టు' పేరుతో గవాస్కర్, బేడీ, ఇంజనీర్లతో పాటు ఇంతిఖాబ్, జహీర్ అబ్బాస్, ఆసిఫ్ మసూద్ ఒకే జట్టుగా ఆడారు. మూడో దేశంలో సాధ్యమైనది సొంత గడ్డమీద సాధ్యం కాలేదు.

చివరికి 1979–80లో పాకిస్తాన్ జట్టు ఆరు టెస్టులకు భారతదేశం వచ్చింది. నాయకుడు ఆసిఫ్ ఇక్బాల్. అప్పుడు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శి ఎవరు? 1975 నుంచి 1980 దాకా ఆ పదవిలో ఉన్నది గులాం అహ్మద్. ఆతిథ్యమిచ్చే సంస్థ కార్యదర్శీ, అతిథి జట్టు నాయకుడూ ఒకే హైదరాబాదు కుటుంబంవాళ్ళు. ఏ నవలాకారుడైనా ఇలా కల్పిస్తే కృతకంగా ఉందని మనం విమర్శిస్తాం. చరిత్ర మొహమాటం లేకుండా రాసేసింది.

ఆ సిరీస్‌లో బొంబాయి, మద్రాసు టెస్టులు భారత్ గెలిచింది, నాలుగు డ్రా అయ్యాయి. హైదరాబాదులో టెస్టు జరగలేదు. ఆసిఫ్ నాయకత్వం వహించినవి ఆ ఆరు టెస్టులే. కలకత్తా టెస్టుతో 1980 ఫిబ్రవరిలో ఆయన టెస్టు జీవితం ముగిసింది. అంటే ఆయన చివరి టెస్టు కూడా తాను పుట్టిన దేశపు గడ్డమీదే ఆడాడు.

8

తరువాతి అధ్యాయం షార్జాలో నడిచింది. అక్కడి వ్యాపారి అబ్దుల్ రహమాన్ బుఖాతిర్‌తో కలిసి ఆసిఫ్ 1981 నుంచి ఎడారిలో క్రికెట్ పోటీలు నిర్వహించాడు. మాజీ ఆటగాళ్ళకు ఆర్థిక సహాయం ఆ పోటీల ప్రకటిత లక్ష్యం. భారత పాకిస్తాన్ ఆటగాళ్ళు ఇద్దరికీ ఆ సొమ్ము అందింది. పింఛను లేని వృత్తిలో బతికిన మనిషికి ఆ ఆలోచన రావడం సహజం.

మన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళిన కూలీలకు షార్జా అనే పేరు ముందు పనిచోటుగా తెలుసు, తరువాతే మైదానంగా తెలుసు. వాళ్ళు ఇటుక మోసిన నగరంలోనే ఈ ఆట వెలిగింది. అక్కడి గ్యాలరీలో భారతీయుడు, పాకిస్తానీ పక్కపక్క కూచున్నారు. పనిలోనూ ఒకే గదిలో పడుకున్నారు. అయితే ఆ ఆటే ప్రసార వ్యాపారంగా పెరిగి, ప్రతి మ్యాచ్‌నూ యుద్ధంగా అమ్ముకుంది. 1986లో మియాందాద్ చివరి బంతికి కొట్టిన సిక్సర్ మా తరానికి ఆటలా గుర్తులేదు, అవమానంలా గుర్తుంది. ఆ జ్ఞాపకాన్ని అలా తయారుచేసింది ఎవరు? బెట్టింగు నీడలు కమ్ముకున్నాక 2001లో భారత ప్రభుత్వం షార్జాలో ఆడవద్దంది. ఆసిఫ్ జీవితంలోని వైరుధ్యం ఇదే. మైదానంలో ఎదుటివాణ్ణి శత్రువుగా చూడని మనిషి నిర్వహించిన పోటీలే శత్రుత్వాన్ని సరుకుగా మార్చిన మార్కెట్‌కు వేదికయ్యాయి. ఆయన్ను ఆరాధించవలసిన పని లేదు. అర్థం చేసుకోవలసిన పని మాత్రం ఉంది.

9

మా విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఆయన ఎవలోడు?

ఫతే మైదానంవాడు, కరాచీవాడు, కెంట్‌వాడు. పదో స్థానంలో బ్యాటు పట్టుకొచ్చి పక్కవాణ్ణి కాపాడినవాడు. పాస్‌పోర్టు మీద రాసినది అబద్ధం కాదు. అది పూర్తి నిజం కూడా కాదు. హైదరాబాదు క్రికెట్ చరిత్ర రాసేవాళ్ళు ఆయన్ను రెండు సీజన్ల ఆటగాడిగా అడుగున వదిలేస్తారు. పాకిస్తాన్ చరిత్ర రాసేవాళ్ళు 1961 నుంచి మొదలుపెడతారు. రెండు పుస్తకాల మధ్య ఆయన బాల్యం జారిపోయింది. జారిపోయినదాన్ని ఏరుకోవడం సాహిత్యం చేయవలసిన పని. ఇబ్రహీం జలీస్‌కు కలం ఉంది కనుక తన కథ తానే చెప్పుకున్నాడు. ఆటగాడు వదిలి వెళ్ళేది స్కోరు కార్డు మాత్రమే. దాన్ని చదవడం మనం నేర్చుకోవాలి.

సాహిత్య విద్యార్థులకు ఒక సూచన. మన బొగ్గుగనుల ప్రాంతంలోనే ఇటువంటి జీవితాలు ఎన్నో ఉన్నాయి. నైట్ షిఫ్టు చేసి పొద్దున మ్యాచ్ ఆడినవాళ్ళున్నారు. నగరంలో ఒక సెలెక్షన్‌కు వెళ్ళి, బూట్లు లేవని వెనక్కి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఇప్పుడు కాంట్రాక్టు కార్మికుడు. వాళ్ళను కలవండి, అడగండి, రాసుకోండి. వీరగాథ కోసం కాదు. ఒక మనిషి ఆడటానికి ఏమేం కావలసివచ్చిందో, ఆగిపోవడానికి ఏది చాలిందో తెలుసుకోవడం కోసం.

ఈ వ్యాసంలోని విషయాలు మా పిల్లలకు మళ్ళీ చెప్పాను. ఓవల్ మైదానంలోని 190 పరుగుల దగ్గర తరగతి నిశ్శబ్దమైంది. ఆ సాయంకాలం మైదానంలో మళ్ళీ జట్లు పంచుకున్నారు. ఈసారి ఒక జట్టు పేరు 'హైదరాబాద్' అన్నారు, రెండోదానికి 'ఖని' అని పెట్టుకున్నారు. ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేను. ఆ రోజు మాత్రం 'ఖని' తరఫున చివరి వికెట్టుగా వచ్చింది ఆ ప్రశ్న అడిగిన కుర్రవాడే. చీకటి పడేదాకా వాడు ఔట్ కాలేదు.